ఆగే మీట లేని బండి

మొన్న మా మేనకోడలు కొత్త కారు కొనుక్కుని, మొదటి సవారీ నాకేనంటూ బలవంతంగా ఎక్కించుకుని అబిడ్స్ తీసుకుపోయింది. క్లచ్చి లేని కారు. ఎడమ కాలికి పనిలేదట, ఎడమ చేతికీ పనిలేదట. ఆ ఖాళీ చేత్తో నాకు, నేను పుట్టి పెరిగిన ఊరిని, కొత్తగా చూపిస్తూ నడిపింది. ఒక పెద్ద బట్టల దుకాణం కింద బండ్లు పెట్టే నేలమాళిగ ఉంటే, దానిలోకి దిగే వాలు మీద ఆగాల్సి వచ్చింది. ముందున్న బండివాడు చీటీ కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. మా పిల్ల ఒక చిన్న కడ్డీని ముందుకు తోసి, "అత్తా, నువ్వు కూసో, నేను పోయి ఆయన్ని జర పక్కకి జరపమంటా" అని తలుపు తీసింది. నేను దాని మోచెయ్యి పట్టుకున్నాను. మామూలుగా కాదు, నా గోళ్ల గుర్తులు ఇంటికొచ్చాక దాని భర్తకి చూపించి మరీ నవ్వింది.

"హ్యాండ్ బ్రేకు వేసినవా?"

"అక్కర్లేదత్తా, పీలో పెట్టిన."

"వెయ్యి."

"పీ అంటే పార్కింగు అత్తా, బండి కదలదు..."

"నాకు ఇంగ్లీషు చెప్పకు, జీవితమంతా పిల్లలకు ఆ ఇంగ్లీషే చెప్పిన. వెయ్యి."

వేసింది. అయినా నేను ఆ బండిలో కూర్చోలేదు. దిగి, గోడకు ఆనుకుని, అది నిజంగా ఆగి ఉందో లేదో చూస్తూ నిలబడ్డాను. నాకు భయాలు తక్కువ. ఈ మాట నన్ను ఎరిగినవాళ్లెవరైనా చెప్తారు, కొందరు బాధపడుతూ చెప్తారు. ప్రిన్సిపాళ్లతో వాదించాను, అద్దె పెంచిన ఇంటాయనతో వాదించాను, పెళ్లిచూపులకొచ్చి పాట పాడమన్నవాళ్లని మీరు ముందు పాడండి అన్నాను. కానీ వాలు మీద ఇంజను ఆపి నిలబెట్టిన కారుని చూస్తే మాత్రం ఆనుకోవడానికి గోడ ఎక్కడుందా అని వెతుక్కుంటాను. దీనికంతటికీ కారణం మా పెద్దబాపు, ఆయన అమెరికా బండి.

పెద్దబాపు అంటే మా బాపుకి అన్న. అబిడ్స్‌లో ఆయనకి పెన్నుల దుకాణం ఉండేది. నాంపల్లి స్టేషను వెనక సందులో మా ఇల్లు. ఒకే ఇంట్లో ఆయన కుటుంబం, మా కుటుంబం, అందరి మీదా మా నాయనమ్మ. పెద్దబాపు చేతివేళ్లకి ఎప్పుడూ సిరా మరకలుండేవి, ఆ వేళ్లతోనే అన్నం కలిపేవాడు, పెద్దమ్మ తల కొట్టుకునేది. ఆయనకి మొదట్లో ఒక చిన్న ఇంగ్లీషు కారుండేది. అది ఎంత పాతదంటే దాని హ్యాండ్ బ్రేకు నేను పుట్టకముందే పోయింది. పోయిన సంగతి ఎవరికీ లోటుగా తోచలేదు. అప్పట్లో మా ఊళ్లో చాలామంది పద్ధతి ఒకటే: వాలు మీద బండి ఆపితే మొదటి గేరులో పెట్టి, ఇంజను ఆపి, దిగిపోవడం. గేరు చక్రాల్ని పట్టుకుంటుంది, బండి అంగుళం కదలదు. హ్యాండ్ బ్రేకు అనేది ఇంగ్లీషువాళ్లు చాదస్తం కొద్దీ పెట్టుకున్న అలంకారమని పెద్దబాపు సిద్ధాంతం. ఆయనకి చాలా సిద్ధాంతాలుండేవి. ఈ ఒక్కటే మమ్మల్ని చంపబోయింది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక నవాబుగారి దేవిడీలో సామాన్లన్నీ అమ్మేస్తుంటే, పెద్దబాపు కుర్చీలు కొందామని వెళ్లి కారు కొనుక్కుని వచ్చాడు. పిస్తా రంగు. పడవంత పొడవు, వెనక చేప రెక్కల్లాంటి రెండు రెక్కలు. స్టీరింగు ఎడమ పక్కన. అది మా సందులోకి తిరగడానికి ఎదురింటివాళ్ల అరుగు అంచు కొంచెం చెక్కాల్సి వచ్చింది, వాళ్లతో మాటలు పోయాయి. కానీ దాని అసలు వింత లోపల ఉంది. గేరు కడ్డీ లేదు. క్లచ్చి లేదు. స్టీరింగుకి ఎడమ పక్కన డబ్బాలో నాలుగు మీటలు, టైపు మిషను మీటల్లాగా. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు: ఆర్, ఎన్, డీ, ఎల్. ఆర్ నొక్కితే వెనక్కి, డీ నొక్కితే ముందుకి, ఎల్ నొక్కితే ముందుకే, కానీ ఎద్దులా, బలంగా, మెల్లగా. ఎన్ నొక్కితే ఎటూ కాకుండా. వాడకట్టు అంతా వచ్చి చూశారు. పెద్దబాపు ఒక్కొక్కరికీ తన నల్లటి వేలితో చూపించాడు. నేను గుంపులోంచి దూరి అడిగాను.

"పెద్దబాపూ, ఆపే మీట ఏది?"

"బ్రేకు ఉన్నది గద."

"అది నువ్వు తొక్కినప్పుడు. నువ్వు దిగి పోయినంక ఆపే మీట ఏది?"

"నోర్ముయ్యి. నడిపేటోనికి బుద్ధి ఉంటె చాలు, మీట అక్కర్లేదు" అన్నాడు. గుంపు నవ్వింది. నేను వాదించబోతే అమ్మ నా జడ పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మా ఇంట్లో నా ప్రశ్నలకి జడ పట్టుకోవడమే సమాధానంగా ఉండేది.

మా నాయనమ్మకి ఆ బండి అంటే మొదటి రోజునుంచీ గుబులు. ఎందుకంటే అది తనంతట తాను కదిలేది. డీ నొక్కి బ్రేకు మీదనుంచి కాలు తీస్తే చాలు, ఎవరూ ఏమీ తొక్కకుండానే, పిల్లిలా, చప్పుడు లేకుండా ముందుకి జారేది. ఆ రోజు అట్లాగే జారి కోళ్ల గంప దాకా వచ్చింది. నాయనమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఒరేయ్ పెద్దోడా, ఎవరు తొక్కకుంటనే పోతున్నదేందిరా? దీన్ల ఎవరన్న ఉన్నరా?"

"ఎవరుంటరమ్మా! గేరు డబ్బాల నూనె ఉంటది. ఇంజను తిరిగితె గా నూనె తిరుగుతది, నూనె తిరిగితె చక్రాలు తిరుగుతయి."

"నూనె తిప్పుతదా? మరి ఎప్పుడు ఆగాల్నో నూనెకు ఎవరు చెప్తరు?"

ఎమ్మెస్సీ చదివినవాళ్లనీ మాటల్లో పడేసే పెద్దబాపు దీనికి మాత్రం భుజం మీది తువ్వాలు తీసి బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నిజానికి నాయనమ్మ అడిగినదీ నేను అడిగినదీ ఒకటే. ఇద్దరివీ ఆడ నోళ్లు, పైగా ఒకటి ముసలిది, ఇంకొకటి పసిది.

ఆ నూనె గురించి ఒక మాట చెప్పాలి. అది ఎర్రగా ఉండేది. మామూలు ఇంజను నూనెలా నల్లగా కాదు, చిక్కటి ఎరుపు. పొద్దున్నే వాకిలి ఊడవడానికి వెళ్లిన పెద్దమ్మ బండి కింద మడుగు చూసి కెవ్వుమంది. బండి గేరు డబ్బా కారుతోందని పెద్దబాపు నవ్వుతూ చెప్పి, ఒక డాల్డా డబ్బా కింద పెట్టాడు. ఆ డబ్బాలో చుక్క చుక్క పడే చప్పుడు వాకిట్లోంచి వినిపించేది. బడికి పోయేటప్పుడు నేను ఆ బండికి దూరంగా, గోడ వారగా నడిచేదాన్ని. తనంతట కదిలేది, రక్తం కారేది, నిలబడమంటే నిలబడే ఏర్పాటు లేనిది. వెనక్కి తిరిగి చూడకుండా సందు చివరిదాకా నడిచి, అక్కడినుంచి పరుగెత్తేదాన్ని. ఇది అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మా అన్న నన్ను పెళ్లయ్యేదాకా ఏడిపించేవాడు. అయ్యాక కూడా.

ఆ ఎండాకాలం నాయనమ్మకి కంటి శుక్లం తీశారు. ఇప్పటిలాగా పొద్దున పోయి సాయంత్రం వచ్చి టీవీ చూసే వైద్యం కాదు అది. కన్ను కోసి, కుట్లు వేసి, రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకి రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టేవాళ్లు. దగ్గు వచ్చినా డాక్టరుకి కోపం వచ్చేది. కొన్ని రోజులయ్యాక ఇంటికి తీసుకుపొమ్మన్నారు గానీ కట్టు విప్పలేదు. దవాఖాన గౌలిగూడ అవతల. బాపు ఇంట్లో ఉండి నాయనమ్మ మంచం, గది సర్దే పనిలో పడ్డాడు. పెద్దబాపు బండి తెచ్చాడు. వెనక సీటులో నాయనమ్మని పడుకోబెట్టారు, ఆమె తల నా ఒడిలో. అన్నకి కుదురు లేదని నన్ను ఎంచారు. డాక్టరు కిటికీలోంచి వంగి నా ముఖంలో ముఖం పెట్టి చెప్పాడు: "చూడు పాపా, తల అటు ఇటు తిరిగితే కుట్లు తెగుతాయి. తెగితే కన్ను పోతుంది. రెండు చేతులతో ఇట్లా పట్టుకో. ఏమైనా సరే వదలకు." నేను నాయనమ్మ చెవుల మీద చెరో అరచెయ్యి ఆనించి పట్టుకున్నాను. ఆమె తల నేననుకున్నదానికంటే బరువుగా, వెచ్చగా ఉంది. జుట్టులో దవాఖాన వాసన, దాని కింద ఆమె వాసన.

అఫ్జల్‌గంజ్ దాటి, కోఠీ మీదుగా, పెద్దబాపు నిజంగానే పువ్వులా నడిపాడు. అబిడ్స్ చేరాక కంటి చుక్కల మందు గుర్తొచ్చింది. పెద్ద రోడ్డు మీద బస్సులూ రిక్షాలూ సందు ఇవ్వకపోతే, మందుల దుకాణం ఉన్న గల్లీలోకి తిప్పి కొంచెం పైకి పోయి, చుట్టు తిరిగి, ముక్కు పెద్ద రోడ్డు వైపు పెట్టి, దుకాణానికి కొంచెం దిగువన ఆపాడు. అది వాలు గల్లీ. ఒక పక్క సినిమా బొమ్మలు అంటించిన పొడవాటి గోడ, ఇంకో పక్క ఇరానీ హోటలు. పెద్దబాపు ఎల్ మీట టక్కున నొక్కి, తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు. "గేర్ల పెట్టిన, ఎటు పోదు. అమ్మా, ఇప్పుడే వస్త" అని దిగి, తలుపు దబ్బున వేసి పోయాడు. ఎన్నో ఏళ్లు చేసిన పనే చేశాడాయన. కాకపోతే ఈ బండిలో చక్రాలకీ ఇంజనుకీ మధ్య పళ్లచక్రం పట్టు లేదు, నూనె ఉంది. ఇంజను ఆగితే నూనె ఆగుతుంది. నూనె ఆగితే చక్రాలు ఎవరి చేతిలోనూ ఉండవు. ఆ సంగతి నేను కాలేజీకి వెళ్లాక ఎవరినో విసిగించి తెలుసుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది ఒకటే. కిటికీలో గోడ మీది హీరో మీసం కనిపిస్తూ ఉండింది. కాసేపటికి ఆ మీసం లేదు, చెవి ఉంది. తర్వాత చెవీ లేదు. పక్క బొమ్మలోని హీరోయిన్ భుజం వచ్చింది.

ఇంజను చప్పుడు లేదు. చక్రాల కింద చిన్న రాళ్లు నలిగే చప్పుడు మాత్రం ఉంది. ముందు సీటు ఖాళీ. స్టీరింగు దానంతట అది వణుకుతోంది. దీనిలో ఎవరో ఉన్నారా అని నాయనమ్మ అడిగిన మాట నా వీపు మీద పాకింది. అరుద్దామని నోరు తెరిచాను. అరిస్తే నాయనమ్మ ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే కుట్లు తెగుతాయి. నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు చాలా తక్కువ, అది మొదటిది.

అప్పుడు వెనకనుంచి పెద్దబాపు గొంతు వినిపించింది. "బండీ! బండీ! అరే బండీ!" మందు సీసా పట్టుకున్న చెయ్యి పైకెత్తి, చెప్పులు జారిపోతుంటే పరుగెత్తుతున్నాడు. ఇక్కడ మా ఊరి మంచితనం గురించి చెప్పాలి. హైదరాబాదులో ఆ రోజుల్లో ఎవరి బండి ఆగినా, బండాయన నోరు తెరవకముందే నలుగురు లేచి వచ్చి వెనకనుంచి తోసి ధక్కా ఇచ్చేవాళ్లు. తాగుతున్న చాయ్ వదిలేసి వచ్చేవాళ్లు. ఎవరు, ఏ మతం, ఎటు పోతున్నావు, ఏదీ అడిగేవాళ్లు కాదు. ఇరానీ హోటల్లో కూర్చున్నవాళ్లు చూశారు: ఇంజను చప్పుడు లేకుండా మెల్లగా దొర్లుతున్న పెద్ద బండి, దాని వెనక చెయ్యెత్తి అరుస్తూ ఒక పెద్దమనిషి. ఇంకేం కావాలి! "అరే సాబ్ కీ గాడీ బంద్ హో గయీ! చలో భాయ్, ధక్కా మారో!" అంటూ, చెడిపోయి ఆగిన బండి అనుకుని దూకారు. ఆ చేప రెక్కల మీద చేతులు వేసి, సంతోషంగా, బలమంతా పెట్టి, కిందికి తోశారు.

బండి ఊపందుకుంది. ముందు అద్దంలో గల్లీ చివర పెద్ద రోడ్డు కనిపిస్తోంది, దాని మీద అడ్డంగా పోతున్న ఎర్ర బస్సు. నా చేతులు నాయనమ్మ తలమీద ఉన్నాయి. ఏమైనా సరే వదలకు అన్నాడు డాక్టరు. వదిలితే కన్ను పోతుంది. వదలకపోతే ఏం పోతుందో అద్దంలో కనిపిస్తోంది. ఆ క్షణంలో నేను ఎటూ కదలలేకపోయాను. ఇప్పటికీ కలలో వచ్చేది ఆ బస్సు కాదు, ఆ కదలలేకపోవడమే.

"బిడ్డా" అంది నాయనమ్మ, పడుకున్నచోటే, మామూలు గొంతుతో. "మీ పెద్దబాపు వచ్చిండా?"

"ఔ నాయనమ్మా. వచ్చిండు. ఆయనే నడుపుతున్నడు."

"మరి మాట్లాడడేంది? సరే, నువ్వు నా తల ఇడిసిపెట్టు. నేను మంచిగనే పండుకుంట. ముందటికి పొయ్యి వానికి చెప్పు, జర మెల్లగ ఆపుమను. ధడేల్మని ఆపితె నా కుట్లు తెగుతయి. మెల్లగ అని చెప్పు. పో."

వదిలాను. ఆమె కప్పుకున్న దుప్పటిని మడిచి తలకి రెండు పక్కలా కుక్కి, ముందు సీటు మీదనుంచి దూకాను. పెద్దబాపు ఎన్నడూ ముట్టని హ్యాండ్ బ్రేకు లాగాను. మాడిన నూనె వాసన వచ్చింది తప్ప బండి ఆగలేదు. కారిన ఎర్ర నూనెంతా దాని మీదే పడి నున్నగా చేసిందని తర్వాత తెలిసింది. మీటలు నొక్కాను, ఎన్, ఆర్, డీ, అన్నీ. ఒక్కటీ పలకలేదు. అప్పుడు కిందికి దిగి, స్టీరింగు కింద దూరి, పలక లాంటి వెడల్పాటి బ్రేకు మీద రెండు అరచేతులూ ఆనించాను. నాకేమీ కనిపించడం లేదు, పైన అద్దంలో ఆకాశం, కరెంటు తీగలు. దబ్బున నొక్కేద్దామని ఒళ్లంతా అరుస్తోంది. మెల్లగ అంది నాయనమ్మ. ఆమె తల పట్టుకున్నట్టే ఆ బ్రేకుని పట్టుకుని, కొంచెం కొంచెం బరువు వేస్తూ వచ్చాను. వెనకనుంచి ఎవరో "అరే! అందర్ కోయీ నై హై! పకడో, పకడో!" అని, నడిపే మనిషి లేడని చూసి కేక పెట్టారు. తోస్తున్న చేతులే అదే రెక్కలు పట్టుకుని వెనక్కి లాగడం మొదలుపెట్టాయి. తీగలు మెల్లగా, ఇంకా మెల్లగా జరిగి, ఆగాయి. అప్పుడు నా తలకి పక్కనే, రేకు అవతలనే, బస్సు హారన్ మోగుతూ దాటిపోయింది. దాని గాలికి బండి మొత్తం ఒకసారి ఊగింది.

పెద్దబాపు తలుపు తెరిచాడు. స్టీరింగు కింద ముడుచుకుని ఉన్న నన్ను చూశాడు, వెనక నాయనమ్మని చూశాడు.  చేతిలో మందు సీసా ఉంది, చెప్పుల్లో ఒకటి లేదు.

"వచ్చినవా... అదేరా పెద్దోడా," అంది నాయనమ్మ, కట్టు కళ్లతో పైకప్పు వైపు ముఖం పెట్టి, "ఇయ్యాల మంచిగ నడిపినవురా. ఒక్క కుదుపు లేదు."

"ఔనమ్మా" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన మళ్లీ ఇంజను మొదలుపెట్టలేదు, తాళంచెవి జేబులోనే ఉంచుకున్నాడు. బ్రేకు మీద రెండు కాళ్లూ సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటే, ఆ ఇరానీ హోటలువాళ్లే, ఇప్పుడు నిజంగానే అడిగించుకుని, నాంపల్లి దాకా ధక్కా ఇచ్చుకుంటూ వచ్చారు. మా వాకిట్లో చాయ్ తాగి, బండిని మెచ్చుకుని పోయారు. దారి పొడవునా నా అరచేతులు మళ్లీ నాయనమ్మ చెవుల మీదే ఉన్నాయి. ఇంట్లో సంగతి తెలిసి పెద్దమ్మ అన్నం ముట్టలేదు. నాయనమ్మకి మాత్రం ఎవరూ చెప్పకూడదని బాపు ఒట్టు వేయించాడు. కట్టు విప్పిన రోజు ఆమె అందరి ముఖాలూ వరసగా చూసి, పెద్దబాపు దగ్గర ఆగి, "ఇంత ముసలోడివైనవేందిరా" అంది. ఆ తర్వాత ఆ బండి నాలుగు చక్రాల కింద నాలుగు ఇటుకలు లేకుండా ఎక్కడా నిలబడలేదు. పెద్దబాపు ఆ ఇటుకల్ని డిక్కీలో, పాత పంచెలో చుట్టి, దేవుడి సామానులా పెట్టుకునేవాడు.

చాలా కాలానికి, నేను కాలేజీలో చేరతానని ఇంట్లో యుద్ధం చేస్తున్న రోజుల్లో, పెద్దబాపు విసుగెత్తి "దీనికి భయం అంటె ఏందో తెల్వదు" అన్నాడు. బియ్యంలో రాళ్లేరుతున్న నాయనమ్మ తల ఎత్తకుండా అంది: "ఎందుకు తెల్వదు? గా రోజు దాని చేతులు నా చెవుల మీద ఎట్ల వణికినయో నాకు తెలుసు."

నేను ఆమె ఎదుట చతికిలబడ్డాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఇంజను మాట్లాడకుంట బండి నడుస్తదా? కండ్లకు కట్టు కట్టిన్రు గని చెవులకు కట్టలే గద. వీడు వెనక మొత్తుకునేది ఇనబడ్డది, ధక్కా ఇచ్చేటోళ్లది ఇనబడ్డది."

"మరి పెద్దబాపు వచ్చిండా అని అడిగినవేంది? బండి పోతున్నది, పో బ్రేకు తొక్కు అని చెప్పొచ్చు గద!" నాకు కోపం వచ్చింది. అన్నేళ్లు మోసిన భయమంతా కోపంగా వచ్చింది.

"చెప్తె నువ్వు నా తల ఇడుస్తుంటివా? ఏడ్చుకుంట ఇంక గట్టిగ పట్టుకుంటుంటివి." చాటలో బియ్యం ఒకసారి ఎగరేసి పట్టుకుంది. "కుట్లు తెగితె తెగనీ అనుకున్న. నాకు కండ్లు రెండున్నయి. నువ్వు ఒక్కదానివే ఉన్నవు."

నేనూ చాటలో చెయ్యి పెట్టి రాళ్లేరాను.  మరుసటి వారం నేను కాలేజీలో చేరాను. ఎవరూ అడ్డం రాలేదు.

నేలమాళిగ వాలు మీద మా మేనకోడలు తిరిగొచ్చి, గోడకు ఆనుకున్న నన్ను చూసి, "చూసినవా అత్తా, కదిలిందా?" అంది. కదల్లేదు. వంగి లోపలికి చూశాను, కడ్డీ పక్కన చిన్న పీ అక్షరం వెలుగుతోంది. నేను ఆరో తరగతిలో అడిగిన మీటని ఎవరో ఎక్కడో తర్వాత పెట్టారన్నమాట. మంచిదే. పెద్దబాపు లేడు, పెన్నుల దుకాణం లేదు, నాయనమ్మ పోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోవడం కూడా మానేశాను. కానీ వాలు మీద బండి ఆగినప్పుడల్లా నా రెండు అరచేతులూ వాటంతట అవే కొంచెం ఒంపు తిరిగి, ఒక తల పట్టేంత జాగా చేసుకుంటాయి. అన్నిటినీ కిందికి దొర్లించుకుపోయిన ఇన్ని సంవత్సరాలూ ఆ కాస్త జాగాని మాత్రం పూడ్చలేకపోయాయి.